అతని ఆదితో కుట్టిన వైద్యం

స్టీలు ట్రేలో స్టీలు పరికరం పెట్టిన చప్పుడు. ‘లోపలి పరీక్ష’ కోసం ఒక్కసారైనా గైనకాలజిస్టు గదిలోకి వెళ్లిన ఆడవాళ్ల చెవుల్లో అది ఉండిపోతుంది. ‘‘కాళ్లు మడిచి పడుకోమ్మా, బిగబట్టకు, గట్టిగా ఊపిరి పీల్చుకో’’ అంటుంది నర్సు. చల్లటి లోహం ఒంటికి తగలగానే, వద్దన్నా ఒళ్లు బిగుసుకుంటుంది. బాతుముక్కులా మూసుకుని ఉన్న రెండు రేకులు లోపలికి వెళ్లాక విచ్చుకుంటాయి. పక్కనున్న స్క్రూ బిగిస్తున్న శబ్దం వినపడుతుంది. రెండు మూడు నిమిషాల పనే. ఆ రెండు మూడు నిమిషాలకు జంకి ఏళ్ల తరబడి ఆ గడప తొక్కనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఆ పరికరం పేరు స్పెక్యులమ్. గర్భాశయ ముఖద్వారం కనపడాలన్నా, క్యాన్సర్ ఉందేమోనని నమూనా తీయాలన్నా, కాపర్-టీ వేయాలన్నా అది కావాలి. ఇప్పుడు ఆస్పత్రుల్లో కనిపించే రూపం 1870 ప్రాంతంలో కుస్కో అనే పారిస్ వైద్యుడి పేరుతో స్థిరపడింది. ఆ తర్వాత ఎక్స్‌రే వచ్చింది, అల్ట్రాసౌండ్ వచ్చింది, పొట్ట కోయకుండా చిన్న గాట్లతోనే ఆపరేషన్ చేసే పద్ధతి వచ్చింది. స్పెక్యులమ్ మాత్రం కొన్నిచోట్ల లోహం బదులు ప్లాస్టిక్‌తో చేయడం తప్పితే దాదాపు అలాగే ఉంది.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇద్దరు యువతులు దీన్ని మళ్లీ మొదటి నుంచీ ఆలోచించారు. అరియాడ్నా ఇజ్కారా గ్వాల్‌కి అది డిజైన్ కోర్సు చివర్లో చేసిన ప్రాజెక్టు. తమారా హోవెలింగ్ అదే విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థిని. వాళ్లు తయారుచేసిన నమూనా పేరు ‘లిలియం’, అంటే లిల్లీ పువ్వు. అందులో గట్టి రేకుల్లేవు. మెత్తగా వంగే రబ్బరు లాంటి పదార్థంతో చేసిన మూడు రెక్కలుంటాయి. టాంపన్ పెట్టుకున్నట్టు సన్నటి గొట్టంతో లోపలికి పంపితే, అవి పువ్వులా నెమ్మదిగా విచ్చుకుంటాయి.

మూడు రెక్కలే ఎందుకంటే, రెండు రేకులు పైకీ కిందికీ తెరుచుకున్నప్పుడు పక్కల నుంచి యోని గోడలు లోపలికి ఒరిగి డాక్టరు చూపుకి అడ్డం వస్తాయి. అప్పుడు ఇంకాస్త వెడల్పుగా తెరవాలి, దాంతోపాటు నొప్పీ పెరుగుతుంది. మూడు వైపుల నుంచీ ఆనిస్తే ఆ గోడలు ఒరగవు. చిన్న ఆలోచనే. ఇన్నేళ్లలో అది ఆస్పత్రి ట్రేలోకి రాకపోవడానికి కారణం జ్యామితి కష్టమవడం కాదు. నొప్పి కూడా పరికరంలో ఉన్న లోపమేనని, దాన్ని సరిచేయాలని అనుకున్నవాళ్ల చేతిలో ఆ పని లేదు. 2025లో ఈ ఇద్దరూ ప్రాజెక్టును ముందుకు తీసుకెళ్లడానికి జనాన్ని చందాలు అడిగితే, రెండు రోజుల్లోనే లక్ష యూరోలు పోగయ్యాయి. ఎంతమంది ఆడవాళ్లు ఎన్నాళ్లుగా ఈ మాట కోసం ఎదురుచూస్తున్నారో ఆ అంకె చెబుతుంది.

వంచిన చెంచా

కుస్కో కంటే ముందు ఈ పరికరానికి ఇంకో చరిత్ర ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో 1840లలో జేమ్స్ మారియన్ సిమ్స్ అనే వైద్యుడు ఒక చెంచాను వంచి, దాంతో లోపలి భాగాన్ని చూడగలిగాడు. ప్రసవం కష్టమైన స్త్రీలకు మూత్రాశయానికీ యోనికీ మధ్య చిల్లు పడి మూత్రం ఆగకుండా కారిపోయే జబ్బుకు శస్త్రచికిత్స కనిపెట్టాలన్నది అతని ప్రయత్నం. ఆ ప్రయత్నాలన్నీ బానిస స్త్రీల మీద జరిగాయి. అతని రాతల్లో ముగ్గురి పేర్లు మాత్రం మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. మత్తుమందు లేకుండా అనార్కాకు 30 ఆపరేషన్లు చేశాడు. వాళ్లు వద్దనగలిగే పరిస్థితి లేదు. యజమాని ఒప్పుకుంటే చాలు.

సిమ్స్‌ను ఆధునిక స్త్రీ వైద్యానికి పితామహుడన్నారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. 2018 ఏప్రిల్‌లో దాన్ని తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి పారేసిన లోహపు ముక్కలు ఏరుకొచ్చి అనార్కా, బెట్సీ, లూసీల విగ్రహాలు నిలబెట్టింది.

ఈ కథ ఇక్కడ చెప్పుకోవడానికి కారణముంది. వైద్య పరిశోధనలో స్త్రీలకు చోటు దక్కలేదని తరచూ వింటుంటాం. అది సగం నిజమే. మిగతా సగం ఇంకా చేదుగా ఉంటుంది. గుండె, నిద్ర, నొప్పి, మందు మోతాదు, అంటే స్త్రీకి మేలు చేయగల ప్రశ్నలు వచ్చినప్పుడు ఆమె ప్రయోగశాల బయట ఉంది. మాట చెల్లని స్త్రీ శరీరం అవసరమైనప్పుడు మాత్రం లోపలికి పిలిచారు. రెండు సందర్భాల్లోనూ జరగనిది ఒక్కటే, ఆమెను అడగడం.

70 కిలోల మనిషి

జాకెట్టు కుట్టమని ఇచ్చేటప్పుడు టైలరు ‘ఆది తెచ్చారా?’ అని అడుగుతాడు. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇస్తే, కొత్తదాన్ని దాని కొలతలతో కుడతాడు. ఎవరికి కుట్టినా పక్కింటి అబ్బాయి చొక్కానే ఆదిగా పెట్టుకునే టైలరు దగ్గరికి మళ్లీ ఎవరూ వెళ్లరు. వైద్యం చాలాకాలం అలాగే కుట్టింది.

ఆ చొక్కాకు పేరు కూడా ఉంది. రేడియేషన్ ఎంతవరకు ప్రమాదం లేకుండా తట్టుకోవచ్చో లెక్కగట్టడానికి అంతర్జాతీయ కమిషన్ 1975లో ‘రిఫరెన్స్ మ్యాన్’ను నిర్వచించింది. వయసు 20 నుంచి 30 మధ్య, బరువు 70 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, యూరప్ లేదా ఉత్తర అమెరికా తెల్లజాతి పురుషుడు. భద్రాచలం దగ్గర ఉపాధి పనికి వెళ్లే 45 కిలోల స్త్రీ ఈ కొలతకు ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు.

మనిషికి వయసు మీదపడటం ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి గమనించడానికి అమెరికాలో బాల్టిమోర్ అధ్యయనం 1958లో మొదలైంది. అందులోకి ఆడవాళ్లను తీసుకున్నది 1978లో. ముసలితనంలో ఆడవాళ్లే ఎక్కువమంది మిగులుతారన్నది ఏ ఊరి అరుగు మీద కూర్చున్నవారినడిగినా చెబుతారు, అయినా మొదటి 20 ఏళ్లు వాళ్లు ఆ లెక్కలో లేరు. రోజూ కాస్త ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు తగ్గుతుందని 1980ల చివర్లో ప్రపంచానికి చాటిన అధ్యయనంలో 22,071 మంది పాల్గొన్నారు. అందరూ మగ డాక్టర్లే. గుండెపోట్లు 44 శాతం తగ్గాయని తేలింది, ఆ సలహా ఆడా మగా తేడా లేకుండా అందరికీ వెళ్లింది. ఆడవాళ్ల మీద విడిగా చేసిన అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. 39,876 మంది స్త్రీలలో మొత్తంగా చూస్తే ఆస్పిరిన్ వల్ల మొదటి గుండెపోటు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, పక్షవాతం మాత్రం 17 శాతం తగ్గింది. 65 ఏళ్లు దాటినవారికి గుండెపోటులోనూ ప్రయోజనం కనిపించింది. ఒకే బిళ్ల రెండు ఒళ్లలో రెండు రకాలుగా పనిచేసింది. ఆ సంగతి తెలియడానికి దాదాపు 16 ఏళ్లు ఎక్కువ పట్టింది.

ఇంకో ఉదాహరణ నమ్మడానికి కష్టంగా ఉంటుంది. ఈస్ట్రోజన్ స్త్రీ శరీరంలో ఎక్కువగా ఉండే హార్మోను. అది గుండెను కాపాడుతుందా అని 1960లలో మొదలైన ఓ పెద్ద అమెరికా పరిశోధన పరీక్షించింది. 8,341 మందిని చేర్చుకున్న ఆ పరిశోధనలోనూ అందరూ మగవాళ్లే.

దీనికంతటికీ కారణం దురుద్దేశమే అనేస్తే తేలిపోతుంది కానీ నిజం అలా లేదు. 1950ల చివర్లో గర్భిణుల వేవిళ్లకు ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల ప్రపంచంలో 10 వేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఎదగకుండా పుట్టారు. ఆ గాయం మానకముందే ఇంకో మందు, డీఈఎస్, గర్భిణుల కడుపులోని ఆడపిల్లలకు పెద్దయ్యాక క్యాన్సర్ తెచ్చిపెడుతోందని బయటపడింది. ఆ భయంతోనే 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పిల్లలు పుట్టే అవకాశం ఉన్న స్త్రీలను మందుల తొలిదశ ప్రయోగాలకు దూరంగా ఉంచమని మార్గదర్శకాలు ఇచ్చింది. పెళ్లి కానివాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, భర్తకు వేసెక్టమీ అయినవాళ్లు కూడా అందులోకే వచ్చారు. ఆమె గర్భాన్ని కాపాడాలనుకున్నారు, ఆ గర్భం మోసే మనిషికి జ్వరమొస్తే ఏ మోతాదు ఇవ్వాలో తెలుసుకునే దారి మూసేశారు. ఆ పిల్లలకు హాని చేసిన తప్పు సరైన పరీక్షలు లేకపోవడం. దానికి విరుగుడుగా పరీక్షలనే తగ్గించారు.

నెలనెలా మారే హార్మోన్ల వల్ల లెక్కలు చెదిరిపోతాయన్నది రెండో కారణం. ప్రయోగశాలల్లో ఎలుకల దాకా పాకింది ఈ నమ్మకం. 2011లో ఇద్దరు శాస్త్రవేత్తలు పరిశోధన పత్రాలను జల్లెడ పడితే, జీవశాస్త్రంలో 10 విభాగాలకుగాను 8 విభాగాల్లో మగ జంతువుల మీద ప్రయోగాలే ఎక్కువగా కనిపించాయి. మెదడు శాస్త్రంలో ఒక్క ఆడ జంతువుల అధ్యయనానికి ఐదున్నర మగ జంతువుల అధ్యయనాలున్నాయి. మరో మూడేళ్లకు, ఆడ ఎలుకల ఫలితాలు మగవాటి కంటే ఎక్కువగా చెదరడం లేదని లెక్కలతో తేలింది. దశాబ్దాలపాటు ఎవరూ కొలవకుండానే నమ్మిన సంగతి అది.

కొలవకపోవడం తెల్లారి కారు నడిపేటప్పుడు బయటపడింది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర అమెరికాలో 1992లో వచ్చింది. ఆడా మగా అందరికీ 10 మిల్లీగ్రాములే. వేసుకున్న 8 గంటల తర్వాత కూడా బండి నడపడానికి ప్రమాదమైనంత మందు రక్తంలో మిగిలినవాళ్లు మగవాళ్లలో సుమారు 3 శాతం, ఆడవాళ్లలో 15 శాతం ఉన్నారు. 2013 జనవరిలో ఎఫ్‌డీఏ ఆడవాళ్ల మోతాదును 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. మధ్యలో 20 ఏళ్లకు పైగా గడిచాయి. ఆ ఇరవై ఏళ్లలో ‘నాకు పొద్దున్న తల తిరుగుతోంది డాక్టరు గారూ’ అన్న ఆడవాళ్లకు ఏం సమాధానం దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు.

గుండె విషయం ఇంకా సూటిగా ఉంటుంది. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు తొలి మహిళా అధిపతి అయిన కార్డియాలజిస్టు బెర్నడీన్ హీలీ, ఆ ఏడాదే ఓ వైద్య పత్రికలో ‘యెంటల్ సిండ్రోమ్’ అనే మాట వాడారు. ఐజాక్ బషెవిస్ సింగర్ కథలో యెంటల్ అనే యూదు అమ్మాయి చదువుకోవడానికి మగవేషం వేసుకుంటుంది. ఆడవాళ్లు కూడా మగవాళ్ల లాంటి లక్షణాలతో వస్తేనే వాళ్ల గుండెజబ్బుకు సరైన వైద్యం అందుతోందని హీలీ బాధ. ఛాతీ పట్టుకుని కూలబడటం సినిమాల్లో చూసిన గుండెపోటు. చాలామంది స్త్రీలకు ఛాతీనొప్పితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, దవడలోనో వీపులోనో నొప్పి, చెప్పలేనంత నీరసం ఉంటాయి. ఇళ్లలో వీటికి ‘గ్యాస్’ అని పేరు. సోడా తాగి పడుకున్నవాళ్లు లేవని ఇళ్లు మన చుట్టూనే ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆరు లక్షల మంది రోగుల రికార్డులు చూసిన లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, గుండెపోటుతో వచ్చినప్పుడు మొదట్లో వేరే జబ్బుగా పొరబడే అవకాశం మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు 50 శాతం ఎక్కువని 2016లో చెప్పారు.

అమెరికాలో 1993లో చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులతో మనుషుల మీద జరిగే వైద్య ప్రయోగాల్లో స్త్రీలను చేర్చడం తప్పనిసరి అయింది. జంతువుల దాకా ఆ నియమం రావడానికి 2016 అయింది.

పటాన్‌చెరు, భద్రాచలం

తెలుగు నేలకూ ఈ చరిత్రలో రెండు పుటలున్నాయి.

1985లో హైదరాబాద్ శివారు పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓ శిబిరం జరుగుతోందని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలకు తెలిసింది. రెండు నెలలకోసారి తీసుకునే నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను అక్కడికొచ్చిన ఆడవాళ్ల మీద పరీక్షిస్తున్నారు. అది ప్రయోగమని గానీ, దానివల్ల ఏమేం రావచ్చని గానీ వాళ్లకు తెలియదు. సంఘటన సభ్యులు వెళ్లి వాళ్లతో మాట్లాడారు. విషయం అర్థమయ్యాక చాలామంది ఇంజెక్షన్ వద్దని లేచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అది అక్కడే పుట్టిన పద్ధతి కాదు. 1956లో ప్యూర్టోరికోలో గర్భనిరోధక మాత్రను పేద స్త్రీల మీద పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు, 17 శాతం మందికి వికారం, తలతిరుగుడు, తలనొప్పి ఉన్నాయని అక్కడి డాక్టరు ఎడ్రిస్ రైస్-రే నివేదించారు. పరిశోధన పెద్దలు ఆ ఇబ్బందుల్లో చాలావరకు మనసు పుట్టించినవేనని పక్కన పెట్టేశారు.

రెండో పుట 2009లోది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా అది. అమెరికాకు చెందిన ‘పాత్’ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు, గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది. తప్పు కాగితాల్లో దొరికింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇక్కడి 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. గిరిజన హాస్టల్లో చదివే అమ్మాయి ఒంట్లోకి వెళ్లే మందుకు ఆమె తల్లిని అడగాలని ఎవరికీ అనిపించలేదు. మాంట్‌గోమరీలో యజమాని అంగీకారం, ఇక్కడ వార్డెన్ సంతకం. కాలం వేరు, తీవ్రత వేరు, కానీ ఆమెను దాటుకుని వెళ్లిన దారి ఒకటే.

ఆడవాళ్లు ఆస్పత్రి దాకా రాకపోతే వాళ్ల జబ్బులు లెక్కలోకే రావు. ఢిల్లీ ఎయిమ్స్ ఓపీకి 2016లో వచ్చిన సుమారు 23.77 లక్షల మంది రికార్డుల్ని పరిశీలిస్తే, ఒక్క స్త్రీకి 1.69 మంది పురుషులున్నారు. జనాభా నిష్పత్తి ప్రకారం రావలసి ఉండీ రానివారు నాలుగు లక్షల మందికి పైనేనని ఆ పరిశోధకుల అంచనా. అదే ప్రశ్నను అటువైపు నుంచి అడిగినవాళ్లున్నారు. తెలంగాణ సరిహద్దుకు ఆవలే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు ఆస్పత్రిలో కూర్చోకుండా రెండు ఊళ్లకు వెళ్లి 650 మంది స్త్రీలను పరీక్షించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. 1989లో ‘లాన్సెట్’లో అచ్చయ్యేదాకా, పేద దేశాల్లో స్త్రీల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ అనే చాలామంది అనుకున్నారు.

చిన్న జబ్బులకు చోటు లేనిచోట పెద్ద కోతకు చోటు దొరికింది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో మూడుకు కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది అటూఇటూ ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెల్లబట్ట అవుతోందని వెళ్లి గర్భసంచి లేకుండా తిరిగొచ్చిన కథలు మన పల్లెల్లో కొత్త కాదు.

బొమ్మలో లేని మనిషి

డెల్ఫ్ట్ విద్యార్థినుల పని ఒంటరిది కాదు. ఈ పదేళ్లలో ప్రపంచంలో చాలాచోట్ల విద్యార్థులు, డిజైనర్లు వైద్యం వాడే వస్తువుల్ని చేతిలోకి తీసుకుని ‘ఇది ఎవరిని చూసి చేశారు?’ అని అడుగుతున్నారు.

గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి ఊపిరి పోసే సీపీఆర్ నేర్పే బొమ్మల్నే చూడండి. ఆస్ట్రేలియా పరిశోధకులు మార్కెట్లో దొరికే 20 రకాల బొమ్మల్ని పోల్చి చూస్తే, రొమ్ములున్న బొమ్మ ఒక్కటే. మరి నడిరోడ్డు మీద ఓ ఆడమనిషి కూలిపోతే? అమెరికాలో బహిరంగ స్థలాల్లో గుండె ఆగిన పురుషుల్లో 45 శాతం మందికి పక్కనున్నవారు సీపీఆర్ చేస్తే, స్త్రీలలో 39 శాతం మందికే చేశారు. చెయ్యి వేయడానికి జంకు. నేర్చుకునేటప్పుడు ఎప్పుడూ తాకని ఆకారాన్ని ప్రాణం పోయే క్షణంలో తాకాలంటే చెయ్యి వెనక్కి లాగుతుంది. 2019లో అమెరికాలో ఓ ప్రకటనల సంస్థ పాత బొమ్మలకే తొడిగే రొమ్ముల తొడుగు తయారుచేసింది. కుట్టుపని వచ్చినవాళ్లెవరైనా చేసుకోగల వస్తువు.

టీవీలో శానిటరీ ప్యాడ్ ప్రకటన వస్తే నీలిరంగు నీళ్లు పోస్తారు. ఇంట్లో అందరూ చూస్తారని అలా పోస్తారనుకుంటాం. ప్రయోగశాలలోనూ దాదాపు అదే పరిస్థితి. తయారీదారులు పీల్చే శక్తిని ఉప్పునీళ్లతోనో నీళ్లతోనో కొలుస్తూ వచ్చారు. నిజమైన రక్తంతో ప్యాడ్లు, కప్పులు, డిస్కులు కలిపి 21 రకాల్ని పోల్చిన తొలి అధ్యయనం 2023లో వెలువడింది. రక్తస్రావం ఎక్కువవుతోందని డాక్టరు దగ్గరికి వెళ్తే ‘రోజుకు ఎన్ని ప్యాడ్లు?’ అని అడుగుతారు. ఆ ప్యాడ్ ఎంత పీలుస్తుందో సరైన కొలత లేనప్పుడు ఆ జవాబుకు విలువేముంటుంది?

లండన్‌లో డిజైన్ ఇంజినీరింగ్ చదివిన డెబ్రా బబలోలా, షెఫాలీ బోహ్రా కలిసి ఇంట్లోనే రొమ్ములో మార్పుల్ని నెలనెలా నమోదు చేసుకునే చేతి పరికరం ‘డాట్‌ప్లాట్’ను రూపొందించారు. 2022 జేమ్స్ డైసన్ పోటీలో బ్రిటన్ బహుమతి దానికే వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు అదే పోటీలో ప్రపంచ స్థాయి విజేత స్పెయిన్ అమ్మాయి జుడిత్ జిరో బెనెట్. మూత్రంతో రొమ్ము క్యాన్సర్ జాడ పట్టే పెట్టె ఆమె ఆలోచన. మామోగ్రామ్ నొప్పికి భయపడి పరీక్షకే వెళ్లని ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇలాంటివి ఆస్పత్రి దాకా చేరాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు దాటాలి, అన్నీ దాటకపోవచ్చు కూడా. కానీ రోగి రాకపోవడానికి కారణం ఆమె నిర్లక్ష్యం కాదు, పరికరం పెట్టే నొప్పి అయి ఉండొచ్చని వీళ్లు మొదలుపెట్టిన చోటు సరైనది.

పుస్తకాల్లో బొమ్మల సంగతి వేరే చెప్పాలి. పాశ్చాత్య వైద్య కళాశాలల్లో వాడే శరీర నిర్మాణ శాస్త్ర పుస్తకాల్లోని 16,329 బొమ్మల్ని లెక్కపెట్టిన ఓ పరిశోధన, చెయ్యీ, కాలూ లాంటి ఆడామగా ఇద్దరికీ ఉండే భాగాలు చూపడానికి మగ శరీరాన్ని మూడింతలు ఎక్కువగా వాడారని తేల్చింది. 2021 చివర్లో ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న నైజీరియా విద్యార్థి చిడియెబెరె ఇబె, నల్లజాతి గర్భిణి కడుపులో నల్లటి బిడ్డ ఉన్న బొమ్మ వేశాడు. కోట్లాది మంది తల్లులకు సహజమైన ఆ దృశ్యాన్ని వైద్యపు బొమ్మగా చూడటం అదే మొదటిసారి అని ఎంతోమంది అన్నారు. ఆస్ట్రేలియాలో తొలి మహిళా యూరాలజిస్టు హెలెన్ ఒకానెల్, స్త్రీ జననాంగంలోని క్లిటోరిస్ పైకి కనిపించేదాని కంటే లోపల ఎంతో పెద్దదని 1998లో శవాలను కోసి పరిశీలించి చూపించారు. దాన్ని చేత్తో పట్టుకుని చూడగలిగేలా ఫ్రాన్స్ పరిశోధకురాలు ఓడిల్ ఫియో 2016లో త్రీడీ నమూనా చేసి, ఎవరైనా ముద్రించుకునేలా ఉచితంగా ఇచ్చారు. మన బళ్లలో పునరుత్పత్తి పాఠం రాగానే ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీ తిప్పేసే మాస్టార్లను చూసిన తరానికి ఆ నమూనా విలువ తెలుస్తుంది.

ఇక స్పెక్యులమ్ దగ్గరికి మళ్లీ వద్దాం. 1971లో లాస్ ఏంజెలెస్‌లో కరోల్ డౌనర్ అనే గృహిణి ఓ పుస్తకాల షాపులో కొందరు స్త్రీల ముందు ప్లాస్టిక్ స్పెక్యులమ్, అద్దం, టార్చిలైటుతో తన గర్భాశయ ముఖద్వారాన్ని తానే చూసుకుని, వాళ్లకూ చూపించింది. మరుసటి ఏడాది పోలీసులు పట్టుకున్నారు. యోని ఇన్ఫెక్షన్‌కు పెరుగు రాసే సాయం చేసి, లైసెన్సు లేకుండా వైద్యం చేసిందన్నది నేరం. జ్యూరీ ఆమెను నిర్దోషిగా వదిలేసింది. సిమ్స్ చేతిలో భయపెట్టిన పరికరం ఆ పుస్తకాల షాపులో స్త్రీల చేతికొచ్చింది. హైదరాబాద్‌లో అదే పని పుస్తకంతో జరిగింది. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు 1990ల ఆరంభంలో తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’, నెలసరి నుంచి నెలలు ఆగిపోయేదాకా, ఆడవాళ్లు డాక్టరును అడగలేక మింగేసుకునే ప్రశ్నలకు తెలుగులో జవాబులిచ్చింది. ఆ పుస్తకానికి పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్తగా ఉండేవారు. పటాన్‌చెరు ఉదంతం చూసిన సంఘం నుంచే ఆ పుస్తకం రావడంలో ఆశ్చర్యం లేదు.

భారతదేశంలో ఏటా లక్షా పాతిక వేల మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. ముందే పట్టుకుంటే నయమయ్యే జబ్బు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతం. తెలుగు రాష్ట్రాల్లో ఐదు శాతం దాటలేదు, తమిళనాడులో 9.8. పరీక్షకు రాకపోవడానికి దూరం, కూలి పోవడం, సిగ్గు, ఇంట్లో ఒప్పుకోకపోవడం, ఇలా చాలా ఉన్నాయి. ఆ జాబితాలో స్టీలు ట్రే చప్పుడు కూడా ఉంది.

లిలియం ఇంకా నమూనాయే. నిజమైన రోగుల మీద పరీక్షలు జరగాలి, వైద్య పరికరంగా అనుమతి రావాలి. దానికి కొన్నేళ్లు పడుతుంది. అది ఎప్పటికైనా మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలంటే డెల్ఫ్ట్‌లో రాని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. రోజూ ఆటోక్లేవ్‌లో ఉడికిస్తే ఆ మెత్తటి రెక్కలు ఎన్నాళ్లు నిలుస్తాయి? కరెంటు పోయినరోజు శుభ్రం చేయడమెలా? ఒకసారి వాడి పారేసేదైతే ధర ఎంతుండాలి? నాలుగు కాన్పులైన స్త్రీకీ, అసలు కాన్పే కాని అమ్మాయికీ ఒకే సైజు సరిపోతుందా? ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది. అక్కడి పిల్లలకు ఈ ప్రశ్నలకు జవాబులు తెలిసినవాళ్లు దగ్గర్లోనే దొరుకుతారు: లేబర్ రూములో ఇరవై ఏళ్లు పనిచేసిన ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు, పరీక్ష అయ్యాక చీర సర్దుకుంటూ ఏమీ అనకుండా బయటికి వచ్చేసే ఆడవాళ్లు.